రెండో సగం వదలని ఉపదేశి

నేను చెప్పేది ఇంతవరకూ ఎవరూ వినలేదు. కోపంతో రాస్తున్న మాట కాదు, జరిగిందే రాస్తున్నాను. మదనపల్లెలోని ఒక క్రైస్తవ సంఘం కమిటీకి ఎనిమిదేళ్ళలో తొమ్మిది అర్జీలు పంపాను. రెండు చేతికిచ్చాను, ఏడు రిజిస్టరు పోస్టులో వేశాను. అందినట్టు సంతకాలు పెట్టిన కార్డులు తిరిగొచ్చాయి. జవాబు రాలేదు. ఒకసారి కార్యదర్శి బజారులో కనిపిస్తే నిలబెట్టి అడిగాను. ఈగను తోలినట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఏ చేతికి గడియారం పెట్టుకున్నాడో కూడా నాకు గుర్తుంది.

ఆ సంఘం పేరు రాయను. చదివితే వాళ్ళకే తెలుస్తుంది.

పోయిన నెల గుడుపల్లె నుంచి ఒక గొర్రెలాయన పుంగనూరులో మా అంగడికి వచ్చాడు. మాది తాళ్ళు, పశువుల మెడగంటలు, ముకుతాళ్ళు అమ్మే అంగడి. గంటలను ఒక్కొక్కటే చెవి దగ్గర ఆడించి చూస్తూ, మాటల్లో మాటగా అన్నాడు.

"మా ఊర్లో దించే తాత పోయినాడప్పా. మీ పుంగనూరాయనే గదా. నాలుగు నెలలాయె."

నాలుగు నెలలు. నాకు చెప్పాలని ఒక్కరికీ అనిపించలేదు. అందుకే ఇక అర్జీ రాయకుండా ఇది రాస్తున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయవలసినవాళ్ళు తమ పుస్తకంలో కొట్టేశారు. ముందు వాళ్ళు రాయనీ. మేమంతా ఆయనను ఉపదేశి అనే పిలిచేవాళ్ళం. ఉపదేశి అంటే పాస్టరు కాదు. పాస్టరు రాని పల్లెల్లో వాక్యం చదివి, పాట పాడించి, జబ్బుపడ్డవాళ్ళ దగ్గర కూర్చునే మనిషి. ఆయన కింద చౌడేపల్లె వైపు మూడు చిన్న గుళ్ళు ఉండేవి. అవి రేకుల కొట్టాలే గాని, ఆయన గుళ్ళనేవాడు.

తొంభైల మొదట్లో నేను ఆయనను గమనించడం మొదలుపెట్టాను. మా అంగడి బస్టాండుకు ఎదురుగా ఉంటుంది. చౌడేపల్లె బస్సు దిగి, బీన్సు బుట్టలు, టమోటా గంపలు తలమీద పెట్టుకుని ఆడవాళ్ళు మార్కెట్టుకు నడుస్తారు. తెలిసినావిడ కనబడితే ఈయన అడ్డం వెళ్ళేవాడు.

"దించమ్మా. దించి మాట్లాడుదాం."

"నీకేం పని లేదు ఉపదేశయ్యా! మళ్ళా ఎత్తేదెవురు?"

"నేను ఎత్తుతా తల్లీ. దించు."

రెండు చేతులూ గంప కింద పెట్టి, మోకాళ్ళు వంచి, పసిబిడ్డను దించినట్టు దించేవాడు. తర్వాతే క్షేమ సమాచారం అడిగేవాడు. తలమీద బరువున్న మనిషితో ఆయన ఒక్క మాట మాట్లాడగా నేను చూడలేదు. మాట్లాడ్డం అయ్యాక మళ్ళీ ఎత్తి తలకు పెట్టేవాడు. చుట్టగుడ్డ సరిగా ఉందో లేదో చూసి మరీ పంపేవాడు.

ఒకరోజు నేను అంగట్లో నుంచే అరిచాను. "ఏమప్పా ఉపదేశీ, కూలీ ఇస్తారా నీకు, ఎత్తిదించేదానికి?"

చేత్తో నోరు మూసుకుని నవ్వుతూ వచ్చాడు. కింది పళ్ళు రెండు లేవు, అందుకు ఆ చెయ్యి.

"జనం బరువు యాల దింపుకోరో తెలుసాప్పా?" అన్నాడు. "మళ్ళా ఎత్తేవాళ్ళు ఉండరని బయం. అంతే. దింపుకుంటే సుఖమని అందురికీ తెలుసు."

ఆనాటి నుంచి అంగడి ముందు అరుగుమీద కూర్చోవడం అలవాటైంది ఆయనకు. అరుగుమీదే. లోపలికి రమ్మని నేను పిలవలేదు, ఆయన రాలేదు. నీళ్ళకు ఆయనకొక గ్లాసు వేరుగా గూట్లో ఉండేది. అప్పట్లో అది నాకు తప్పుగా తోచలేదు. ఒకరి లెక్కలు తీస్తున్నప్పుడు నావి దాచుకోకూడదు గనక రాస్తున్నాను.

నాకు వాదన ఇష్టం. ఆయనకు వాక్యం ఇష్టం. ఇద్దరికీ పొద్దు గడిచేది.

"మీ దేవుడు ఆరు దినాలు పనిచేసి ఏడో దినం విశ్రాంతి తీసుకున్నాడంటివి. నీకు ఒక్క పూటన్నా ఇయ్యలేదే? సెప్పులు సూడు, మడమలు అరిగి నేల తగల్తాండాయి."

"కాళ్ళకు ఇచ్చే విశ్రాంతి కాదప్పా అది."

"మరి దేనికి?"

అక్కడి నుంచి మొదలయ్యేది. ఏడో దినం ఒక గుర్తు మాత్రమే అనేవాడు. కనాను దేశం ఇంకో గుర్తు. యెహోషువ జనాన్ని ఆ దేశంలోకి తీసుకుపోయాడు, తాము నాటని తోటలు, తాము తవ్వని బావులు వాళ్ళకు దొరికాయి. "దొరికినాయి సరే, నెమ్మది దొరికిందా? దొరికుంటే ఎన్నో తరాల తర్వాత దావీదు పాటలో మళ్ళా ఈ పొద్దన్నా ఇనండి అని యాల అడగతాడు? అంటే ఆ విశ్రాంతి ఇంకా మిగిలే ఉండాది." ఆ తర్వాత ప్రవక్తల దగ్గరికి వచ్చేవాడు. అలసినవాడికి నెమ్మది ఇదిగో అని యెషయా చూపించాడని, పాత దారులు విచారించి మంచి దారిలో నడవండి, మీ ప్రాణాలు నెమ్మది పొందుతాయని యిర్మీయా చెప్పాడని చెప్పేవాడు. "వాళ్ళు సెప్పింది చోటు గురించి అనుకున్నారు జనం. చోటు కాదప్పా, మనిషి. ఆ మనిషే చానా కాలానికి గలిలయలో నిలబడి, మోసి మోసి అలిసిపోయినోళ్ళంతా నా కాడికి రండి అన్నాడు."

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. మదనపల్లె నుంచి కారులో వచ్చే ప్రసంగీకులు ఇక్కడ ఆపి ఆమెన్ అంటారు. ఉపదేశి ఆపడు. వేలు ఇంకో వరుస కిందికి జరిపేవాడు.

"అయితే వాళ్ళేమన్నారు? మేము నడవం అన్నారు. యెషయా కాడ గూడా అంతే, ఇనేదానికి ఒప్పలేదు."

అని పుస్తకం మూసి, మూసిన పుస్తకం మీద అరచెయ్యి అదిమిపెట్టి ఊరుకునేవాడు. దాని మీద వ్యాఖ్యానం ఉండదు. ఆ మౌనంలో వినేవాడికి ఒళ్ళు ఇబ్బందిగా ఉండేది. నాకూ ఉండేది. ఒకసారి పెద్ద కూటంలో, వేదిక మీద పెద్దలంతా కుర్చీల్లో ఉండగా, ఆయనను వాక్యం చదవమన్నారట. రెండో సగం కూడా చదివి కూర్చున్నాడట.

మదనపల్లె పాస్టరుగారు తర్వాత పిలిచి, "ఆదరణ మాట చదివి దిగిపోవచ్చు గదయ్యా. జనాన్ని బెదిరించడం దేనికి?" అన్నారు.

"డాక్టరు చీటీ సగమే చదివి మందు ఇస్తామా అయ్యగారూ?"

ఈ సంగతి ఆయన చెప్పలేదు, ఆ రోజు పక్కన కుర్చీలు వేసినాయన చెప్పాడు. ఆ మాట పాస్టరుగారు మరిచిపోలేదని నా నమ్మకం. మరిచిపోని మనుషుల సంగతి నాకు బాగా తెలుసు.

మా వాదనలు వినే మనిషి ఇంకొకావిడ ఉండేది. నా భార్య. అంగడి వెనకే ఇల్లు. తలుపు పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. నాది పైచేయి అయినప్పుడు నవ్వేది కాదు, ఆయనది పైచేయి అయినప్పుడూ నవ్వేది కాదు. ఒకరోజు మాత్రం లోపలి నుంచి అడిగింది.

"ఉపదేశయ్యా, దించినాక మళ్ళా ఎత్తుకోవాల్నా?"

ఆయన అరుగుమీద నుంచి లేచి నిలబడ్డాడు. "గంప అయితే ఎత్తుకోవాల తల్లీ. ఆయన కాడ దించింది మళ్ళా ఎత్తుకునే పని లేదు. అదే ఎవురూ నమ్మరు."

మా పెండ్లయ్యాక మాకిద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఆ సంగతి ఇంట్లో మేము మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆమె ఏ బరువు గురించి అడిగిందో నాకు అప్పుడు తట్టలేదు.

తర్వాత ఆమెకు కడుపులో జబ్బు వచ్చింది. పుంగనూరులో చూపించాం, మదనపల్లెలో చూపించాం. చివరకు కుప్పంలో పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. మా అన్న రాలేదు, కోతలున్నాయన్నాడు. ఉపదేశి వచ్చాడు. పిలవకుండానే బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు.

వెంకటగిరికోట దాటాక బస్సు టైరు పంక్చరైంది. అందరం దిగాం. రోడ్డు పక్కన పాత బాట ఒకటుంది. అక్కడ రెండు నిలువు రాళ్ళమీద ఒక అడ్డబండ పరిచి ఉంది. బస్సులు లేని కాలంలో మూటలు మోసేవాళ్ళు వంగకుండా, ఇంకొకరి సాయం లేకుండా బరువు దింపుకోవడానికి పెట్టిన బండ. ఆ సరిహద్దు పల్లెల్లో అలాంటివి ఇంకా కొన్ని మిగిలాయి. నా భార్య ఎండకు తట్టుకోలేక దాని నీడకు వెళ్ళింది. ఉపదేశి బండను అరచేత్తో తుడిచాడు.

"ఇది పెట్టినోడు ఎవురో తెలీదు తల్లీ. ఈ దోవన ఎవురొస్తారో వానికీ తెలీదు. అయినా తల ఎత్తు ఎంతో ఊహించి పెట్టిపోయినాడు. ప్రవక్తలు చేసింది ఇదే పని."

ఆమె బండ పక్కన నిటారుగా నిలబడి తలను కొలిచి చూసుకుంది. "నాకు సరిగ్గా ఉండాది," అంది. ఆ నెలల్లో ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను.

కుప్పంలో పద్దెనిమిది రోజులున్నాం. పదమూడో రోజున ఆమె నన్ను దగ్గరికి పిలిచింది.

"ఏమయ్యా, నాకు ఆ బాప్తిస్మం నీళ్ళు పోయించు."

"నీకు మతి పోయిందా? ఊర్లో తలెత్తుకుని తిరగాల్నా వద్దా నేను?"

"నువ్వు తలెత్తుకో. నేను దించుకుంటా."

ఉపదేశి మంచం కాళ్ళ దగ్గర నిలబడి అంతా విన్నాడు. వరండాలోకి వచ్చి, "అప్పా, నువ్వు ఊ అనకుండా నేను చెంబు ముట్టను," అన్నాడు. నేను తిట్టాను. ఇంట్లో చొరబడ్డావన్నాను, రోగం చూసుకుని వల వేశావన్నాను. అన్నీ విని, టెలిఫోను బూతుకు వెళ్ళి మదనపల్లెకు ఫోను చేశాడు. బాప్తిస్మం ఇవ్వవలసింది పాస్టరుగారు. గురువారం వస్తానన్నారు. గురువారం మదనపల్లె వైపు నుంచి వచ్చే ప్రతి బస్సు దగ్గరికీ ఉపదేశి వెళ్ళి నిలబడ్డాడు. రాలేదు. ఏదో మీటింగు పడిందట. శుక్రవారం అన్నారు. శుక్రవారమూ ఆయన బస్టాండులో నిలబడ్డాడు. శనివారం మధ్యాహ్నానికి ఆమెకు ఊపిరి అందడం కష్టమైంది. నర్సమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

నా భార్య నా మొహంలోకి చూస్తూ ఉంది. నేను ఊ అన్నాను.

గిన్నె కోసం ఉపదేశి అటూ ఇటూ చూశాడు. ఆమె తను తాగే స్టీలు గ్లాసు వైపు వేలు చూపించింది. మా ఇంటి గ్లాసు ఆయన చేతిలోకి వెళ్ళడం అదే మొదలు. మూడుసార్లు నీళ్ళు పోశాడు, తండ్రి పేరిట, కుమారుని పేరిట, పరిశుద్ధాత్మ పేరిట. తర్వాత తన నోటుబుక్కులో రాశాడు. ఆమె పేరు, ఊరు, తేదీ, పోసినవాడు ఎవరు, సాక్షులు ఎవరు. నర్సమ్మ ఒక సాక్షి, నేను ఒక సాక్షి. దాని నకలు కమిటీవారికి మూడో అర్జీతో పంపాను. పోయిందని చెప్పడానికి లేదు.

సోమవారం ఉదయం ఆమె పోయింది.

వ్యాను మాట్లాడి, ఉపదేశితో కలిసి శవాన్ని ఊరికి తెచ్చాను. ఊరి మొదట్లోనే మా అన్న ఎదురొచ్చాడు. కబురు ముందే చేరింది.

"ఏరా, ఆ నీళ్ళు పోయించినావంట?"

"ఆమె అడిగింది."

"అడిగితే పోయిస్తావా? అయితే వాళ్ళ తోట్లోనే పెట్టుకో. మన పెద్దోళ్ళ పక్కకు ఆమె రాకూడదు."

వ్యాను మదనపల్లెకు తిప్పాను. సంఘానికి గోడ కట్టిన సమాధుల తోట ఉంది. గేటు దగ్గర పాస్టరుగారు, ఇద్దరు కమిటీ పెద్దలు నిలబడి ఉన్నారు. గేటు తాళం తీసి లేదు. పాస్టరుగారు మర్యాదగానే మాట్లాడారు. ఆమె పేరు బాప్తిస్మ రిజిస్టరులో లేదు, పేరు లేనివారికి లోపల చోటు ఇవ్వడానికి నియమం ఒప్పుకోదు అన్నారు. ఉపదేశి నోటుబుక్కు తీసి చూపించాడు.

వాళ్ళ నియమావళి నేను తర్వాత సంపాదించి చదివాను. మనిషి చావు దగ్గర్లో ఉన్నప్పుడు పాస్టరు రాలేకపోతే ఎవరైనా నీళ్ళు పోయవచ్చు, అది చెల్లుతుంది. తర్వాత పాస్టరు దాన్ని రిజిస్టరులో ఎక్కించాలి. అయితే పాస్టరు ఎందుకు రాలేదో కారణం రాయడానికి అక్కడొక గడి ఉంది. ఆ గడి చాలా చిన్నది. రెండు రోజులు కబురందీ రాలేదని అందులో రాయవలసి వచ్చేది.

పాస్టరుగారు ఉపదేశిని పక్కకు పిలిచారు. నాకు వినిపించేంత దూరమే.

"నేనే వచ్చి పోసినట్టు రాద్దాం. నువ్వు సాక్షి సంతకం పెట్టు. గేటు తీయిస్తాను. ఎవరికీ ఇబ్బంది లేదు."

"నువ్వు రాలేదు గదయ్యగారూ."

"రాలేదు సరే. శవం ఎండలో ఉందయ్యా, చూడు."

"సూస్తాండాను."

"ఆమె మేలు కోసమే గదా చెప్తున్నాను?"

ఉపదేశి కదల్లేదు. అప్పుడు నేను వెళ్ళి ఆయన చొక్కా పట్టుకున్నాను. గుండీ ఊడి వచ్చింది.

"సంతకం పెట్రా! నీదేం పోతుంది?"

"కొట్టప్పా," అన్నాడు. "నాకు తెలుసు, కొట్టు. ఆమె నిజంగా దించుకునింది. నేను కండ్లారా సూస్తిని. దాని మింద అబద్ధం ఒకటి పెట్టి ఆమెని లోపలికి మోయమంటే ఎట్ల మోసేది?"

నేను కొట్టలేదు. కొట్టినా బాగుండేదేమో. ఆయన ఒక్క సంతకం చేసి ఉంటే నా భార్య గోడ లోపల, పూల మొక్కల మధ్య ఉండేది. ఇది ఆయన మీద నాకున్న ఫిర్యాదు. పోయిన మనిషి గదా అని దీన్ని నేను మాఫీ చెయ్యను.

చౌడేపల్లె దగ్గర నా వాటాకు వచ్చిన మెట్ట ఉంది. వేరుశనగ వేసే చేను. కానుగ చెట్ల పక్క గనిమె మీద, అంటే చేని గట్టున, పెడదామనుకున్నాను. కూలీలు రాలేదు, మా అన్నకు భయపడ్డారు. ఆ ఏడు వానలు లేవు, నేల రాయిలా ఉంది. ఉపదేశి గడ్డపార తీసుకున్నాడు. అరవై దాటిన మనిషి. నేను ఒక చెయ్యి వేస్తానంటే వద్దన్నాడు. మూడు గంటలు పట్టింది. అరచేతుల్లో బొబ్బలు పగిలి గడ్డపార పిడి తడిసింది. వ్యాను డ్రైవరు చివరికి చూడలేక దిగి పార అందుకున్నాడు. మట్టి వేసే ముందు ఉపదేశి పుస్తకం తెరిచాడు. మంచి దారి, నెమ్మది, అదే మాట. చదివాడు. వేలు కింది వరుసకు జరిగింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇక్కడ కూడా చదువుతాడా అని పళ్ళు కొరుక్కుంటూ ఉన్నాను.

"వాళ్ళు మేము నడవం అన్నారు," అని చదివాడు. ఆపాడు. పుస్తకంలో చూడకుండా అన్నాడు. "ఈ తల్లి నడుస్తా అనింది."

పుస్తకం మూశాడు. పుస్తకం మీద పెట్టిన అరచేతి గుర్తు ఎర్రగా పడింది.

నెల తిరగకముందే ఆయనను పని నుంచి తీసేశారు. అనుమతి లేకుండా బాప్తిస్మం ఇచ్చాడు, అనుమతి లేకుండా భూస్థాపన చేశాడు, పాస్టరు మాట లెక్కచెయ్యలేదు. ఇవీ నేరాలు. పొరపాటు చేశానని ఒక కాగితం రాసిస్తే తిరిగి తీసుకుంటామన్నారు. ఆయన రాయలేదు. పాస్టరు మాట వినలేదని రాస్తానన్నాడు, నీళ్ళు పోయడం పొరపాటని రాయనన్నాడు. అది వాళ్ళకు చాలలేదు.

గుడుపల్లెలో ఉన్న కూతురి ఇంటికి వెళ్ళేముందు ఒకరోజు పొద్దున్నే మా అంగడికి వచ్చాడు. తలమీద రేకు పెట్టె. అరుగు ఎత్తుగా ఉంటుంది గనక దాని మీదికి పెట్టె జార్చి, అక్కడే నిలబడ్డాడు. ఎప్పుడూ కూర్చునే చోటే, కూర్చోలేదు. నీళ్ళు అడగలేదు. ఇచ్చే మనిషి లేదు, నేను ఇవ్వలేదు.

"పోతాండానప్పా," అన్నాడు.

"పో. నీ నిజం పట్టుకుని పో. నా పెండ్లాము చేని గట్టున పండుకోనుండాది."

రోడ్డుమీద చౌడేపల్లె బస్సు వచ్చింది, గంపలు దిగాయి. ఆయన అటు తిరగలేదు.

"నేను సెప్పింది సరే, చేసింది సరే," అన్నాడు. "అయినా నీ ముందర నిలబడితే సరిగా ఉన్నట్టు లేదప్పా."

"ఇన్నేండ్లు విశ్రాంతి విశ్రాంతి అంటివే. ఇప్పుడు ఉండాదా నీకు?"

"ఉండాది," అన్నాడు వెంటనే. తర్వాత, "నిద్రే లేదు," అన్నాడు.

ఆయన నోటుబుక్కు తీసి, ఆ పేజీ జాగ్రత్తగా చించి నా ముందు పెట్టాడు.

"నా పని గురించి ఎవురికీ రాయద్దప్పా. ఆమె పేరు గురించి రాయి. ఆమె పేరు పుస్తకంలో ఎక్కాల. నేను అడిగితే ఇనరు. నువ్వు ఇడిసిపెట్టే మనిషివి కాదు."

"నీ కోసం ఏమీ చెయ్యను. ఆమె కోసం చేస్తా."

"అదే నేను అడిగేది."

తర్వాత పెట్టె ఎత్తుకోవడానికి వంగాడు. నిండుగా ఉంది. అరుగు మీద నుంచి తలకు ఎక్కించుకోవాలంటే ఇంకొక చెయ్యి కావాలి. ఒక క్షణం ఆగాడు. నా వైపు చూడలేదు, అడగలేదు, ఊరికే ఆగాడు. నేను తాళ్ళు సర్దుతున్నట్టు అటు తిరిగాను. ఆయన పెట్టెను స్తంభానికి ఆనించి, భుజంతో తోసి, మెడ వంచి, ఎలాగో తలకెత్తుకుని వెళ్ళిపోయాడు. రేకు స్తంభానికి గీసుకున్న చప్పుడు విన్నాను. తలెత్తి చూసేసరికి బస్టాండు లోపలికి వెళ్ళిపోయాడు.

అదే ఆఖరు.

గొర్రెలాయన చెప్పినదాన్ని బట్టి, కుప్పం రైల్వే స్టేషను బయట చివరి ఏడు వరకూ అదే పని చేశాడు. గుడుపల్లె నుంచి వచ్చే పూలగంపలు, ఆకుకూర మూటలు దించడం, మాట్లాడటం, ఎత్తడం. నడుము వంగిపోయాక ఎత్తలేకపోయేవాడట. అప్పటికీ దించేవాడట.

"దించేస్తాడు, మళ్ళా ఎత్తలేడు. ఎవురినో ఒకరిని కేకేస్తాడు," అని గొర్రెలాయన నవ్వాడు. "ఆడోళ్ళు తిట్టేది గూడా మానుకున్నారప్పా."

పోయినప్పుడు కూతురు మదనపల్లెకు కబురు పెట్టింది. తీసేసిన మనిషి, క్షమాపణ కాగితం ఇవ్వలేదు, మేము రాలేము అన్నారట. ఊరి వాగు పక్కన పోరంబోకులో పూడ్చారు. వాక్యం చదివేవాళ్ళు లేక కూతురే చదివింది.

నేను మొన్న గుడుపల్లెకు వెళ్ళొచ్చాను. మట్టి ఇంకా కుంగలేదు. అక్కడ నేను ఏమి చేశానో ఇక్కడ రాయను. అది నాకూ ఆయనకూ సంబంధించిన సంగతి.

ఇక కమిటీవారికి. నేను మీ సంఘస్తుణ్ణి కాను, నాకు జవాబివ్వవలసిన పని లేదని మీలో ఒకాయన అన్నాడని విన్నాను. నిజమే, కాను. నేను దేవుడి గురించి అడగటం లేదు. మీ పుస్తకం గురించి అడుగుతున్నాను. అలసినవాళ్ళు రావచ్చునని మీరు ప్రతి వారం చదువుతారు. ఒకావిడ వచ్చింది. కుప్పం ఆసుపత్రిలో, శనివారం మధ్యాహ్నం, ఊపిరి అందని మనిషి, మొగుడి తిట్లు తిని మరీ వచ్చింది. ఆ వేళ పోసిన నీళ్ళు చెల్లాయా, చెల్లలేదా? చెల్లితే ఆమె పేరు ఎక్కించి, మీరెందుకు రాలేదో ఆ గడిలో రాయండి. చెల్లలేదంటే మీలో ఒక్కరు మా చేనికి వచ్చి, ఆమె తల దగ్గర నిలబడి, నువ్వు రాలేదమ్మా అని పైకి చెప్పండి. ఈ రెండిట్లో ఏదో ఒకటి చెయ్యండి. అవునో కాదో ఒక్క మాట. ఎవరు చెబుతారు?